వారం కిస్తీపై పోరు: గుంటూరు, కృష్ణా జిల్లాల్లో సూక్ష్మరుణ సంస్కరణ

సూక్ష్మరుణ కంపెనీల వడ్డీ, వసూలు పద్ధతులపై ఆంధ్రప్రదేశ్‌లో సాగిన పోరుకు పునాది పొదుపు ఉద్యమంలో ఉంది. 1980లలో మొదలైన డ్వాక్రా పథకం, 1992 నాటి దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఊరూరా పాకింది. రోజుకో రూపాయి దాచుకున్న మహిళలు బ్యాంకు గడప తొక్కారు. కానీ బ్యాంకు అప్పు చాలేది కాదు. అందేసరికి అదను దాటిపోయేది. ఆ లోటు తీరుస్తామని వచ్చినవి సేవాసంస్థలే. 1998లో గుంటూరులో పుట్టిన స్పందన, హైదరాబాదు నుంచి నడిచిన షేర్, ఎస్‌కేఎస్ మూడూ అలా మొదలై, తర్వాత లాభాలు చూసుకునే ఫైనాన్స్ కంపెనీలయ్యాయి.

అచ్చంపేట వంటి పల్నాడు మండలాల్లో ప్రధాన పంటలు పత్తి, మిరప. కాయ కళ్లంలో ఎండి గుంటూరు యార్డుకు చేరితేనే రైతు చేతిలో డబ్బు పడుతుంది. కూలీలకూ కోతల రోజుల్లోనే చేతినిండా పని. కిస్తీ మాత్రం ప్రతి వారం కట్టాల్సి వచ్చేది. పొద్దున్నే సెంటర్ మీటింగులో ఫీల్డ్ ఆఫీసర్ ముందు మహిళలు వరసగా కూర్చునేవారు. తాకట్టు ఉండేది కాదు, తోటి సభ్యుల పూచీయే హామీ. ఒకరు కట్టలేకపోతే మిగతావారు వేసుకోవాల్సి వచ్చేది, లేదా ఆమె ఇంటి ముందు కూర్చోవాల్సి వచ్చేది. 10,000 రూపాయల అప్పుకు ఫ్లాట్‌గా 15 శాతం అంటే 50 వారాల పాటు వారానికి 230. అసలు వారం వారం తగ్గిపోతున్నా వడ్డీ మొత్తం 10,000 మీదే లెక్క కాబట్టి నిజమైన భారం 30 శాతం దాకా ఉండేది. ఈ లెక్క అప్పు తీసుకునేవారికి విడమరచి చెప్పకపోవడమే అన్నిటికన్నా పెద్ద అన్యాయం.

వసూళ్ల వేధింపులపై ఫిర్యాదులు పెరగడంతో 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు స్పందన, షేర్ సంస్థల శాఖలను 50కి పైగా మూయించారు. కంపెనీలు ప్రవర్తనా నియమావళికి ఒప్పుకున్నాయి. ఆ మాట నిలవలేదు. ఒకే ఇంటికి నాలుగైదు కంపెనీలు అప్పులిచ్చాయి. ఒకదాని కిస్తీకి మరొకదాని అప్పు దిక్కయింది.

2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్లు మార్కెట్లో లిస్టయ్యాయి. ఆ ఇష్యూలో సమకూరిన సొమ్ము 1,600 కోట్ల రూపాయలకు పైనే. అదే కాలంలో అప్పులవాళ్ల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. మహిళా సంఘాలు వేధింపుల కేసులను బయటపెట్టాయి. పేదరిక నిర్మూలన సంస్థ ‘సెర్ప్’ వాటిని క్రోడీకరించింది. సెర్ప్ ప్రభుత్వ సంస్థే, దాని పొదుపు సంఘాలకూ ఈ కంపెనీలకూ పోటీ ఉండేది. కంపెనీలు ఆ సంగతినే ఎత్తిచూపాయి. అంతమాత్రాన వేధింపులు అబద్ధమైపోవు.

అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వ ఆర్డినెన్సు వచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. దాని ప్రకారం కంపెనీలు జిల్లాలో రిజిస్టరు కావాలి. వసూళ్లు పంచాయతీ కార్యాలయం వద్దే, అదీ నెలవారీగా జరగాలి. మొత్తం వడ్డీ అసలును మించకూడదు. రిజర్వు బ్యాంకు నియమించిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో దేశమంతటికీ వర్తించే నిబంధనలు వచ్చాయి: వడ్డీకి 26 శాతం పరిమితి, ఒక మహిళకు రెండు కంపెనీలకు మించి అప్పు ఇవ్వరాదన్న షరతు.

ఈ గెలుపు ఖరీదైనదే. రాష్ట్రంలో వసూళ్లు పది శాతం స్థాయికి పడిపోయి, స్పందన, షేర్ తమ సొంత అప్పుల పునర్వ్యవస్థీకరణకు వెళ్లాయి. కొత్త అప్పులు ఆగిపోవడంతో చాలామంది మళ్లీ ఊరి వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కారు. 2022లో రిజర్వు బ్యాంకు వడ్డీ పరిమితిని ఎత్తివేసి, కిస్తీలు కుటుంబ ఆదాయంలో సగానికి మించరాదన్న నియమం పెట్టింది. రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు 2010 నాటి రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది.