కవిలెకట్ట ఎవరి చేతిలో

ఊళ్ల చరిత్రలు పోగేయడమంటే కల్నల్ కాలిన్ మెకంజీకి ప్రాణం. పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో ఆయన మనుషులు కృష్ణా తీరపు పల్లెలకు వచ్చినప్పుడు ముందుగా వెతికింది ఊరి లెక్కలు రాసే కరణం ఇల్లే. ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఎవరి హయాంలో శిస్తు ఎంత అన్నవన్నీ అక్కడి తాటాకు కవిలెకట్టల్లో ఉండేవి. ఈ పనికి బాట వేసినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోతే, తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ పనిని భుజానికెత్తుకున్నాడు. అలా ఎత్తి రాయించినవే ఇవాళ చరిత్రకారులు వాడుకునే గ్రామ కైఫియత్తులు.

అడగ్గానే కవిలెలు విప్పి చూపడానికి అందరూ ఒప్పుకోలేదు. ఇవన్నీ రాసుకుపోయి రేపు శిస్తు పెంచుతారేమోనన్న భయం పల్లెల్లో ఉండేది. అది అమాయకపు భయం కాదు. అడిగింది చరిత్ర కోసమే కావచ్చు, అడిగిన మెకంజీ మాత్రం ఈస్టిండియా కుంపిణీ సర్వేయరు. 1815లో భారత సర్వేయర్ జనరల్ కూడా అయ్యాడు. ఒక పని కోసం ఇచ్చిన వివరం మరో పనికి వాడరని హామీ ఏమిటి? డెల్టాలో ఆనాడు పుట్టిన ఈ ప్రశ్నే రెండు శతాబ్దాల తర్వాత విజయవాడలో ఒక కొత్త వృత్తికి పని కల్పిస్తోంది. మొగల్రాజపురంలోనో పటమటలోనో ఇంట్లో కూర్చుని ఆసుపత్రులకు, కాలేజీలకు, పెళ్లిసంబంధాల బ్యూరోలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే ఫ్రీలాన్స్ డెవలపర్లు, ఇప్పుడు సైటుతో పాటు డేటా గోప్యత చట్టానికి తగ్గ ఏర్పాట్లు కూడా చేసిస్తామంటున్నారు. వాళ్ల పని విలువ తెలియాలంటే కరణం దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

కరణం పదవి కుంపిణీ కంటే ఎంతో పాతది. దాన్ని ఆంగ్లేయులు తమ చట్టంలోకి లాక్కున్నారు. శాశ్వత శిస్తు విధానం తెచ్చిన 1802లోనే, కరణాల నియామకం మీద, వాళ్లు రాయవలసిన లెక్కల మీద మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక రెగ్యులేషన్ చేసింది. ఆ తర్వాత బెజవాడ దగ్గర ఆనకట్ట వచ్చింది. ఆర్థర్ కాటన్ ఆలోచన, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణ. 1852లో మొదలైన పని 1855లో పూర్తయింది. కాలువ నీరు పారిన చోట మెట్ట మాగాణి అయింది, మాగాణి బంగారమైంది. దానితో కరణం చేతి గీతకూ ధర పెరిగింది. ఏ సర్వే నంబరు తరి, ఏది మెట్ట, ఎవరి పేరు పట్టాలో ఉంది, సాగు ఎవరు చేస్తున్నారు, నీటితీరువా ఎవరు బాకీ ఉన్నారు, ఎవరి పొలం ఎవరి దగ్గర తాకట్టులో ఉంది అన్నవి కరణానికి కంఠతా వచ్చేవి. అడంగల్లో ఒక పేరు పక్కకు జరిగితే ఒక కుటుంబం వీధిన పడేది.

సుమతీ శతకకారుడు కరణం మీద ఒక్క పద్యంతో ఊరుకోలేదంటే ఆ పదవి జనాన్ని ఎంత భయపెట్టిందో ఊహించవచ్చు. కరణాలందరూ మోసగాళ్లని అనడం అన్యాయం. కరువులో రైతు తరఫున శిస్తు మాఫీకి అర్జీలు రాసిపెట్టినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. చిక్కు మనిషి గుణంలో కంటే ఏర్పాటులో ఉంది. పదవి వంశపారంపర్యం, లెక్కలు ఉండేది సొంత ఇంట్లో. తన గురించి అందులో ఏం రాశారో చూపించమని రైతు అడిగితే, చూపడమా మానడమా అన్నది కరణం ఇష్టం. తప్పు దిద్దించుకోవాలంటే మళ్లీ ఆ గడపే ఎక్కాలి.

ఆ గడపను మూసింది ఎన్.టి. రామారావు ప్రభుత్వం. నిమ్మకూరు రైతు కుటుంబంలో పుట్టి, సినిమాల్లోకి వెళ్లకముందు గుంటూరు జిల్లాలో కొద్ది వారాలు సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం చేసిన ఆయనకు ఊరి దస్తరాల బలం ఏమిటో తెలుసు. 1984 జనవరిలో ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. తరాలుగా ఇళ్లలో ఉన్న లెక్కలు ప్రభుత్వం వశమయ్యాయి. వేలాది కుటుంబాలు ఒక్క రోజులో ఆధారం కోల్పోయాయి, కోర్టుకెక్కాయి. 1985లో సుప్రీంకోర్టు రద్దునే సమర్థించింది.

లెక్కలు ఇల్లు దాటి ఆఫీసుకు చేరాయి. ఆ పైన కంప్యూటర్‌కు ఎక్కాయి.

ఈ మలుపులో విజయవాడ దేశంలోనే ముందు వరసలో ఉందన్న సంగతి నగరంలో చాలామందికి గుర్తులేదు. 1998లో నగరపాలక సంస్థ 'వాయిస్' అనే పథకం మొదలుపెట్టింది. పేరు విస్తరిస్తే విజయవాడ ఆన్‌లైన్ ఇన్ఫర్మేషన్ సెంటర్. 1999 చివరికల్లా నగరంలో ఐదు కియోస్కుల ద్వారా జనన మరణ ధ్రువపత్రాలు, ఇళ్ల ప్లాన్ల ఆమోదం, ఆస్తి పన్ను, నీటి పన్ను చెల్లింపులు నడిచాయి. ఇంటర్నెట్ అంటే ఇంకా గంటల లెక్కన డబ్బు కట్టి చూసే వింతగా ఉన్న రోజులవి. అదే 1998లో రాష్ట్రమంతటా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లోకి 'కార్డ్' పథకం కింద కంప్యూటర్లు వచ్చాయి. దస్తావేజు లేఖరి చుట్టూ, గుమస్తా చుట్టూ రోజుల తరబడి తిరిగే పని గంటల్లోకి వచ్చింది. జనం సంతోషించారు, సంతోషించదగ్గ పనే. కానీ ఈ వివరాలు ఎవరు చూడవచ్చు, ఎంతకాలం ఉంచవచ్చు, బయటికి పొక్కితే జవాబుదారీ ఎవరిది అన్న ప్రశ్నలు ఆ ఉత్సాహంలో వెనకబడ్డాయి.

వాటిని వదలకుండా పట్టుకున్నవి కోర్టులు. అందులో తెలుగు న్యాయమూర్తుల వాటా గర్వపడదగింది. 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో వెలిసినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆయన 1962లో ఖరక్ సింగ్ కేసు విన్నారు. అనుమానితుల ఇళ్లకు పోలీసులు అర్ధరాత్రి వెళ్లి తలుపు తట్టడం, వాళ్ల రాకపోకలపై నిఘా పెట్టడం మీద వచ్చిన కేసు అది. ఆ తలుపు తట్టడం తప్పేనని, అయితే గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ అంది. సుబ్బారావు ఒప్పుకోలేదు. గోప్యత లేనిదే వ్యక్తి స్వేచ్ఛ లేదని మైనారిటీ తీర్పు రాశారు.

మరో కేసు నేరుగా మన దస్తావేజులదే. బ్యాంకుల్లో ఉన్న కాగితాలను సైతం స్టాంపు సుంకం తనిఖీ పేరుతో అధికారులు, వాళ్లు పంపిన మనుషులు వెళ్లి చూసేలా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో స్టాంపుల చట్టాన్ని సవరించింది. కెనరా బ్యాంకు కేసులో 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనిషి తన కాగితాన్ని బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన దాని మీద అతని గోప్యత హక్కు పోదని చెప్పింది. ఆధార్ వివాదంలో గోప్యత హక్కా కాదా తేల్చమని 2015లో ఆ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపిన బెంచీలో జాస్తి చలమేశ్వర్ ఉన్నారు. కృష్ణా జిల్లా మొవ్వ మండలం పెదముత్తేవి ఆయన స్వగ్రామం. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చిన పుట్టస్వామి తీర్పు ఇచ్చినవారిలోనూ ఆయన ఒకరు. సుబ్బారావు ఒంటిచేత్తో అన్నంత పట్టుదలగా నిలబెట్టిన మాట 55 ఏళ్లకు దేశానికి చట్టమైంది.

అదే ఏడాది మే నెలలో ఒక నివేదిక వచ్చింది. ఆధార్ నంబర్లు బహిరంగంగా కనిపిస్తున్న నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశీలిస్తే, వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి చంద్రన్న బీమా, రెండోది ఉపాధి హామీ చెల్లింపులది. 2018 ఏప్రిల్లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు, కులం, మతంతో సహా ఎవరైనా చూసేలా ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు కొడాలి శ్రీనివాస్ బయటపెట్టారు. రెండు నెలలకు అన్న సంజీవని మందుల దుకాణాల వంతు వచ్చింది. ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబరుతో సైటులో కనిపించింది. పురుషుల లైంగిక సమస్యలకు వాడే మందులు కొన్నవారి పేర్లూ అందులో ఉన్నాయి. కరణం కవిలె చూడాలంటే కనీసం ఆ ఊరు వెళ్లాలి. ఈ కవిలె ప్రపంచంలో ఎక్కడ కూర్చున్నవాడికైనా తెరుచుకుంది.

ఈ సైట్లు చెడ్డ ఉద్దేశంతో తెరిచిపెట్టినవని చెప్పడానికి ఆధారం లేదు. పారదర్శకత పేరుతో డ్యాష్‌బోర్డు పెట్టమన్నారు, పెట్టారు. ఏ గడి దాచాలో ఆలోచించే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. ఫ్రీలాన్స్ డెవలపర్ వృత్తి చరిత్ర ఇక్కడే ఈ కథలో కలుస్తుంది.

గవర్నరుపేట డీటీపీ సెంటర్లలో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు కూర్చిన చేతులే తర్వాత చాలా చోట్ల వెబ్ పేజీలు చేశాయి. 1977లో కానూరులో మొదలైన సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ, ఆ తర్వాత చుట్టూ వెలిసిన కాలేజీలు ఏటా కుర్రకారును ఇచ్చాయి. హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లనివాళ్లు ఇంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని ఊళ్లోని క్లయింట్లకు, విదేశాల క్లయింట్లకు పనిచేశారు. గోప్యత పాఠం వాళ్లకు ముందు విదేశం నుంచి వచ్చింది. 2018 మే 25న ఐరోపాలో జీడీపీఆర్ అమలులోకి రాగానే, అక్కడి క్లయింట్లు కుకీ బ్యానర్లు, సమ్మతి రికార్డులు, అడిగితే వివరాలు చెరిపేసే ఏర్పాటు కావాలన్నారు. జర్మనీ కొనుగోలుదారు చిరునామాను కళ్లలో పెట్టుకుని కాపాడిన డెవలపర్, పక్క వీధి ఆసుపత్రి రోగుల జాబితాను మామూలు ఎక్సెల్ షీటులో వాట్సాప్ చేయడం అసాధారణమేమీ కాదు. మన చట్టం అడగలేదు, మన క్లయింటూ అడగలేదు.

ఇప్పుడు చట్టం అడుగుతోంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో. అసలు బాధ్యతల్లో చాలావరకు నిబంధనలు వచ్చిన 18 నెలలకు, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. వివరాలు దేనికి తీసుకుంటున్నారో విడమరిచి నోటీసు ఇవ్వాలి. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. వివరాలు పొక్కితే డేటా రక్షణ బోర్డుకూ బాధితులకూ చెప్పాలి. తగిన రక్షణ లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. 18 ఏళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలి. ఇంటర్ కాలేజీల నగరమైన విజయవాడకు ఈ చివరిది ముఖ్యం. విద్యాసంస్థలకు కొంత మినహాయింపు ఉంది గానీ, అది చేరిన పిల్లల చదువు, భద్రతకు సంబంధించిన పనుల వరకే. పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్లు పోగేసి అడ్మిషన్ల కోసం వెంటపడటానికి కాదు.

చట్టం దృష్టిలో ప్రధాన బాధ్యత ఆసుపత్రిది, కాలేజీది, బ్యూరోది. వాళ్ల తరఫున డేటా నిర్వహించే డెవలపర్‌ను ఒప్పందం రాసుకునే పెట్టుకోవాలి. తప్పు జరిగితే జరిమానా డెవలపర్ మీదికి నెట్టేసి యజమాని తప్పుకోలేడు. మరోవైపు సర్కారు పథకాలు, సబ్సిడీల విషయంలో ప్రభుత్వానికి సమ్మతి నుంచి వెసులుబాటు ఇచ్చారు. 2017, 2018 అనుభవాలు చూసిన రాష్ట్రంలో ఇది చట్టంలోని పెద్ద లోపమనే చెప్పాలి. యాభై ఇళ్లకు ఒకరు చొప్పున గ్రామ వాలంటీర్లు సేకరించిన వివరాల మీద 2023లో అంత రభస జరిగాక కూడా, మన దగ్గర ఎక్కువ వివరాలున్నది ప్రభుత్వం చేతిలోనేనన్న సంగతి మారలేదు.

ఇక ఈ సేవ అమ్ముతున్నవారి విషయం. ఎక్కడినుంచో తెచ్చిన ఆంగ్ల ప్రైవసీ పాలసీని కంపెనీ పేరు మార్చి అతికించి డబ్బు తీసుకుంటే అది సేవ కాదు. అసలు పని ఫారం దగ్గర మొదలవుతుంది. డాక్టర్ అపాయింట్‌మెంటుకు ఆధార్ ఎందుకు? సంబంధాల బ్యూరోలో పెళ్లి కుదిరిపోయిన అమ్మాయి ఫొటో, జాతకం, జీతం ఇంకా సర్వర్‌లో ఎందుకున్నాయి? పాత ఉద్యోగి మానేసినా అతని పాస్‌వర్డు ఎందుకు పనిచేస్తోంది? బ్యాకప్ ఎవరి సొంత డ్రైవ్‌లో ఉంది? ఈ ప్రశ్నలు వేసి, అక్కర్లేని గడులు తీయించి, ఎవరు ఎప్పుడు ఏ రికార్డు తెరిచారో లాగ్ ఉంచే డెవలపర్ తీసుకునే ప్రతి రూపాయీ న్యాయమైనదే. అలాంటివాళ్లకు డెల్టా ఊళ్లలో చిన్న క్లయింట్లు దొరకాలి, సరైన ఫీజూ దొరకాలి.

ఆసుపత్రి, కాలేజీ, దుకాణం నడిపేవారు 2027 మే వరకు ఆగకండి. సైటు చేసిన మనిషిని పిలిచి, మీ దగ్గర ఎవరి వివరాలు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద రాయించుకోండి. ఫారం నింపే మామూలు మనిషికీ ఒక హక్కు ఉంది. నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు కల్పించాలని చట్టం చెబుతోంది. తెలుగులో ఇవ్వమని అడగండి.