కోత పండుగ: కలిసి తిన్న చరిత్ర

గూడెం చరిత్ర అనగానే ఫితూరీలు, భూమి తగాదాలు గుర్తుకొస్తాయి. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తిన్నారన్నది కూడా చరిత్రే. చర్చిలు జరిపే కోత పండుగను అలా చూడమని యువతనూ, తోటి ఉపాధ్యాయులనూ కోరుతున్నాం.

పంట ఇంటికి చేరాక చర్చి ముందు పందిరి వేస్తారు. సంఘస్తులు కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు తెచ్చి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ డబ్బు సంఘం ఖర్చులకు పోతుంది. తరువాత అందరికీ ఒకేచోట భోజనం. దాన్నే ప్రేమవిందు అంటారు.

కలిసి తినడం ఎన్నడూ తేలిక కాలేదు. మొదటి శతాబ్దంలోనే కొరింథు సంఘంలో కలిగినవాళ్లు ముందే తిని తాగేవారు. లేనివాళ్లు ఆకలితో ఉండిపోయేవారు. అది తప్పని పౌలు ఉత్తరం రాసి మందలించాడు.

మన దగ్గర ఈ కథకు డోర్నకల్ ముఖ్యమైన చోటు. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో సొంత మిషనరీ సంఘం పెట్టుకుని, నిజాం రాజ్యంలోని ఈ ప్రాంతానికి పనివాళ్లను పంపారు. వారిలో ఒకరైన వి.ఎస్. అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చారు. 1910లో ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల ఎదుటే, మీ త్యాగాలతో పాటు మాకు మీ స్నేహం కూడా కావాలని అడిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కాలంలో సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగలు. ఊళ్లో ఉన్న ఎడం చర్చిలోకీ వచ్చింది. దాన్ని తగ్గించడానికి ఆయన చాలా పాటుపడ్డారు. పల్లె జనానికి తెలిసిన పద్ధతుల్లోనే కోత పండుగలను ప్రోత్సహించారు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథెడ్రల్‌లోనూ గుడి, మసీదు కట్టడాల పోలికలు కనిపిస్తాయి.

మన కోయ గూడేలకు ఈ పండుగ పూర్తిగా కొత్తది కాదు. కొత్తల పండుమ్ కాకముందు కొత్త పంట నోట పెట్టకూడదన్నది మన పెద్దల కట్టడి. మొదటి పంట ముందుగా ఇచ్చి, ఆ తరువాత అందరూ కలిసి తినడం రెండింటిలోనూ ఉంది.

అయినా చర్చి వచ్చిన కొన్ని గూడేల్లో పంక్తి రెండుగా చీలింది. వేల్పులకు పెట్టింది మేం తినమని సంఘస్తులు అంటారు. మా పండుమ్‌కు రానివాళ్ల పందిరికి మేమెందుకు వెళ్లాలని పెద్దలు అంటారు. ఎవరి నమ్మకం వారిది. బలవంతంగా ఎవరి చేతా ఏదీ తినిపించనక్కర్లేదు. కానీ పొలంలో బదులు పని చేసుకునేవాళ్లు, చావుకూ పెళ్లికీ ఒకరికొకరు కావలసినవాళ్లు పండుగనాడు ముఖం చాటేసుకుంటే గూడెం బలం తగ్గుతుంది. భూమి కోసమో, బడి కోసమో అడగవలసి వచ్చినప్పుడు అందరం కలిసే వెళ్లాలి కదా.

ఉపాధ్యాయులు పిల్లలను పెద్దల దగ్గరికి పంపాలి. మొదటి కోత పండుగ ఎప్పుడు జరిగింది? వంట ఎవరు చేశారు? ఎవరిని పిలిచారు, ఎవరు రాలేదు? ఎందుకు? చర్చికి వెళ్లేవాళ్లనూ, వెళ్లనివాళ్లనూ ఇద్దరినీ అడగాలి. రెండు వైపుల మాటలూ ఒకే నోటు పుస్తకంలో రాయించాలి. మన గూడేల చరిత్ర మన పిల్లల చేతి రాతలో అలా మొదలవుతుంది.