ఆటల పీరియడ్ ఎటు పోయింది?

మొన్న హన్మకొండ వెళ్ళినప్పుడు పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నడుస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. కరోనా చరిత్ర అంటే మనం కేసులు, లాక్‌డౌన్లు, వాక్సీన్లు చెప్పుకుంటాం. ఆ రెండేళ్ళు బడిలో ఆటల పీరియడ్ ఏమైందో ఎవరూ చెప్పుకోరు. అది మాయమైన సంగతి కూడా చాలామందికి గుర్తు లేదు.

ముందు తేదీలు చూద్దాం. 2020 మార్చి మధ్యలో తెలంగాణలో బడులు, కాలేజీలు మూతపడ్డాయి. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటే లాక్‌డౌన్. నేనప్పుడు వరంగల్‌లో ఇంజనీరింగ్ ఫైనలియర్. రెండు జతల బట్టలు సర్దుకుని ఇంటికొచ్చేశాం, ఇక క్లాసుకి తిరిగి వెళ్ళనేలేదు. సెప్టెంబర్ 1 నుంచి మూడు నుంచి పదో తరగతి పిల్లలకి టీశాట్, దూరదర్శన్ యాదగిరిల్లో పాఠాలు మొదలయ్యాయి. తొమ్మిది, పది తరగతుల వాళ్ళు 2021 ఫిబ్రవరి 1న బడికొచ్చారు, మార్చి 24 నుంచి మళ్ళీ మూత. సెప్టెంబర్ 1న తెరిచారు. 2022 జనవరిలో ఇంకోసారి సెలవులు.

లెక్కలు, సైన్సు, సోషల్ ఎలాగోలా తెర మీదికెక్కాయి. కబడ్డీని ఎలా ఎక్కిస్తాం?

మా చిన్నమ్మ హన్మకొండలో ప్రైవేటు స్కూల్ టీచర్. రోజూ మూడంతస్తులు ఎక్కి దిగేది, ఏడు పీరియడ్లు నిలబడి చెప్పేది. దాన్ని ఎప్పుడూ వ్యాయామం అనుకోలేదు. కరోనాలో పుస్తకాల దొంతర మీద ఫోన్ ఆనించి, మంచం మీద కూర్చుని చెప్పింది. "ఇరవై ఏండ్లు నిలబడితే రాని మోకాళ్ళ నొప్పి, ఆర్నెల్లు కూసుంటే వచ్చింది బిడ్డా" అనేది. మనలో చాలామందికి కంపెనీలు కుర్చీకి డబ్బులిచ్చాయి. ఆమెకి జీతమే సగమైంది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. జీతాలాగిన ప్రైవేటు టీచర్లలో కొందరు ఉపాధి హామీ పనికి వెళ్ళారు, కూరగాయలమ్మారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వాళ్ళకి నెలకి రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. శరీరం కదిలింది కదా అని దాన్ని ఆరోగ్యం అనగలమా? గతిలేక గడ్డపార పట్టడం వేరు, సాయంత్రం ఇష్టంగా షటిల్ ఆడటం వేరు.

పిల్లలు, కౌమారంలో ఉన్నవాళ్ళు రోజుకి సగటున 60 నిమిషాలు, పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదల్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఎప్పుడో తెలుసా? 2020 నవంబర్‌లో, మన పిల్లలు ఫోన్ల ముందు కూర్చున్న రోజుల్లోనే.

వేరే దారి లేదా అంటే ఉంది, అదీ పాతదే. 1904లో బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బర్గ్‌లో బలహీనంగా ఉన్న పిల్లల కోసం అడవిలో బడి పెట్టారు. క్షయకి మందులేని కాలం కాబట్టి గాలీ, వెలుతురూ, ఆటలే మందనుకున్నారు. 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లోనూ ఆరుబయటి బడి మొదలైంది. కరోనాలో కాశ్మీర్‌లోని బడ్గాం జిల్లాలో కొండవాలు మీద పాఠాలు చెప్పారు. పశ్చిమ బెంగాల్ 2022 ఫిబ్రవరిలో చిన్న తరగతులని వాడల్లోని ఆరుబయటికి తెచ్చింది. గాలి ఆడేచోట వైరస్ తక్కువగా అంటుతుందని అప్పటికే తెలుసు.

వరంగల్‌లో జాగాకి కరువా? ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుంది, నెహ్రూ స్టేడియం ఉంది, ఖిలా వరంగల్ ఉంది, సర్కారు బళ్ళకి మైదానాలున్నాయి. లాక్‌డౌన్లో మూసేయడం అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ తర్వాత కూడా పాఠం ఫోన్లోకే ఎందుకు వెళ్ళింది? నాకనిపించేది ఏంటంటే, ఆటల పీరియడ్‌ని మనం కరోనాకి ముందే వదిలేశాం. అపార్ట్‌మెంట్లలో నడిచే స్కూళ్ళు, పీఈటీ పీరియడ్‌ని లెక్కల సార్‌కి ఇచ్చేయడం, ఇవన్నీ 2020 కన్నా పాతవే. ఎప్పుడో చేజారిన దాన్ని కరోనాలో వెతుక్కోవాలని ఎవరికీ తట్టలేదు, అంతే.

మీ పిల్లల అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు ఐఐటీ ఫౌండేషన్ గురించి తర్వాత అడగండి. ముందు గ్రౌండు చూపించమనండి. అలాగే స్టాఫ్‌రూమ్‌లో టీచర్లకి కాస్త ఊపిరి పీల్చుకునే తీరిక ఉందో లేదో కూడా చూడండి. చిన్నమ్మ ఇప్పుడు మళ్ళీ మూడంతస్తులు ఎక్కుతోంది, కాకపోతే మధ్యలో ఒకసారి ఆగి.