నైలాన్ చేతిలో ఓడిన దారం

1930లో అమెరికాలోని విల్మింగ్టన్‌లో, డ్యుపాంట్ కంపెనీ ప్రయోగశాలలో జూలియన్ హిల్ అనే యువ రసాయన శాస్త్రవేత్త కరిగిన పాలిమర్ ముద్దలో కడ్డీ ముంచి పైకి లాగాడు. ముద్ద తెగలేదు, సన్నని దారంగా సాగింది. చల్లారాక లాగితే ఇంకా సాగింది. సాగినకొద్దీ పట్టులా మెరుస్తూ గట్టిపడింది. ఎంత దూరం వస్తుందో చూద్దామని ఆ బృందంలోని వాళ్లు దారం కొస పట్టుకుని ప్రయోగశాల వసారాలో పరుగులు తీశారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంత ముచ్చటపడిన దారం మార్కెట్ మొహం చూడలేదు. వేడినీళ్లలో వేస్తే మెత్తబడిపోయేది. ఇస్త్రీకి ఆగేది కాదు. ఆమ్లమూ ఆల్కహాలూ కలిసినప్పుడు పుట్టే ఎస్టర్ బంధాలతో అల్లిన అణువుల గొలుసు అది. ఆ బంధానికి నీళ్లంటే పడదు. తడి తగిలేకొద్దీ మెల్లగా విడిపోతుంది. బృందానికి పెద్ద అయిన వాలెస్ కారొథర్స్ 1932లో లాక్టిక్ ఆమ్లం నుంచి వచ్చే లాక్టైడ్‌ను కూడా గొలుసుగా కూర్చి చూశాడు. అదీ పనికొచ్చేంత గట్టిగా రాలేదు. చివరికి ఎస్టర్‌ను వదిలేసి అమైడ్ బంధాన్ని పట్టుకున్నారు. 1935 ఫిబ్రవరిలో నైలాన్ పుట్టింది. ఓడిన దారాన్ని లోకం మరిచిపోయింది.

ఈ రోజు మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ అని మనం వింటున్నవన్నీ దాదాపుగా ఆ ఓడిన దారం బంధువులే. విడిపోవడం అనే లోపమే దాని అసలు విలువ అని తెలియడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. ఆ సంగతి తెలిసింది బట్టల మిల్లులో కాదు, ఆపరేషన్ బల్ల మీద.

దీని మూలం ఇంకా వెనక ఉంది. స్వీడన్‌కు చెందిన షీలే 1780లో పులిసిన పాల నుంచి లాక్టిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. మన పెరుగుకు పులుపు తెచ్చేదీ అదే. 1845లో ఫ్రాన్స్‌లో పెలూజ్ దాన్ని వేడిచేసి నీటిని తరిమేస్తే అణువులు ఒకదానికొకటి ముడిపడి జిగురు పదార్థంగా మారాయి. బేకలైట్ ప్లాస్టిక్ పుట్టడానికి అరవై ఏళ్ల ముందే పాలీలాక్టిక్ ఆమ్లం, అంటే ఇప్పటి పీఎల్ఏ, పొట్టి గొలుసుల రూపంలో ఒకసారి కంటపడిందన్నమాట. దాంతో ఏం చేయాలో అప్పట్లో ఎవరికీ తోచలేదు.

1966లో వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక వైద్య కేంద్రంలో కులకర్ణి అనే పరిశోధకుడు, ఆయన సహచరులు శస్త్రచికిత్సకు పీఎల్ఏ పనికొస్తుందంటూ ఒక పత్రం ప్రచురించారు. అప్పటిదాకా లోపలి కుట్లకు వాడింది గొర్రెల, పశువుల పేగుల నుంచి తీసిన దారం. అది ఎప్పుడు కరుగుతుందో, ఒంటికి ఎంత పడుతుందో ఒక లెక్కన ఉండేది కాదు. ఎస్టర్ దారానికి లెక్క ఉంది. శరీరంలోని నీరే దాని బంధాలను తెంపుతుంది. తెగి వచ్చేది లాక్టిక్ ఆమ్లం. పరుగెత్తినప్పుడు మన కండరాల్లో పుట్టేదే కాబట్టి దాన్ని ఏం చేయాలో ఒంటికి తెలుసు. లాక్టిక్ ఆమ్లానికి దగ్గర బంధువైన గ్లైకాలిక్ ఆమ్లంతో చేసిన డెక్సాన్ దారం 1970 ప్రాంతంలో వచ్చింది. 1974లో రెండింటినీ కలిపిన వైక్రిల్ వచ్చింది. ఇందులో గ్లైకాలిక్ వాటా 90 శాతం, లాక్టిక్ వాటా 10 శాతం. వైక్రిల్ కుట్టు మూడు నాలుగు వారాలు పుండును పట్టి ఉంచుతుంది, రెండు నెలలు దాటేసరికి ఆనవాలు లేకుండా పోతుంది. కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ రానక్కర్లేదని మన ఆసుపత్రుల్లో డాక్టర్లు చెప్పేది ఇలాంటి దారాల గురించే.

ఈ ఆమ్లాల పాళ్లు మారిస్తే కరిగే కాలం మారుతుంది. ఆ కిటుకుతో మందును సన్నని గోళీల్లో పొదిగి, ఒక్క ఇంజెక్షన్‌తో నెల పొడవునా కొద్దికొద్దిగా విడుదలయ్యేలా చేశారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే ల్యూప్రాన్ డిపో 1989లో అమెరికాలో అనుమతి పొందింది. ఓడిన దారానికి ఇంతకంటే గౌరవమైన స్థానం ఇంకేముంటుంది?

మందులో ధర ఎంతైనా సాగుతుంది. గ్లాసుకూ సంచికీ అలా సాగదు. మొక్కజొన్న పిండిని చక్కెరగా, చక్కెరను సూక్ష్మజీవులతో లాక్టిక్ ఆమ్లంగా, దాన్ని లాక్టైడ్‌గా, చివరికి పొడవైన గొలుసుగా చౌకగా మార్చే పద్ధతిని కార్గిల్ కంపెనీ సాధించింది. 2002లో నెబ్రాస్కాలోని బ్లెయిర్‌లో ఏడాదికి 1,40,000 టన్నుల కర్మాగారం నడవడం మొదలైంది. పెలూజ్ చూసిన పదార్థం పెరుగు గిన్నెల దాకా రావడానికి నూట యాభై ఏళ్లకు పైనే పట్టింది.

ఇంతలో ఇంకో పాయ వేరేచోట ప్రవహిస్తూ వచ్చింది. 1926 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని పాశ్చర్ సంస్థలో మారిస్ లెమ్వాన్యా బాసిల్లస్ మెగాటీరియం అనే బాక్టీరియాలో రేణువుల్లాంటి పదార్థాన్ని గుర్తించాడు. తిండి దొరికినప్పుడు ఆ జీవి తనలో దాచుకునే నిల్వ అది. దాని పేరు పీహెచ్‌బీ, అదీ ఎస్టర్ గొలుసే. కొన్ని బాక్టీరియాల ఎండు బరువులో 80 శాతం దాకా ఇదే ఉంటుంది. 1970ల చమురు సంక్షోభం వచ్చాక బ్రిటన్‌కు చెందిన ఐసీఐ కంపెనీ దీన్ని బయోపాల్ పేరుతో తయారుచేసింది. 1990లో జర్మనీలో వెల్లా షాంపూను దీనితో చేసిన సీసాల్లో అమ్మారు. ధర మాత్రం మామూలు ప్లాస్టిక్‌కు కొన్ని రెట్లు. ఆ వ్యాపారం చేతులు మారుతూ 1996లో మాన్‌శాంటో కంపెనీకి చేరింది, అక్కడా నిలవలేదు. మట్టిలో, సముద్రంలో దాన్ని తినగల జీవులు ముందే ఉన్నాయి కాబట్టి, కుళ్లే గుణంలో పీఎల్ఏ కంటే పీహెచ్‌బీయే మేలు. అలాంటి పదార్థం ధర దగ్గర ఆగిపోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

పీఎల్ఏ కష్టం వేరు. అది గట్టిది గాని పెళుసు, సంచిగా చేస్తే చిరుగుతుంది. దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, అందుకే మరిగే టీ పోస్తే కప్పు వంగిపోతుంది. ఇక్కడే మిశ్రమాల అవసరం పడింది. బీఏఎస్ఎఫ్ కంపెనీ 1998లో తెచ్చిన పీబీఏటీ అనే పాలిమర్ రబ్బరులా సాగుతుంది, అదీ ఎస్టర్ గొలుసే. దాన్ని పీఎల్ఏతో కలిపితే ఒకటి బిగువునిస్తుంది, ఒకటి సాగుడునిస్తుంది. కలపడం మాత్రం చెప్పినంత తేలిక కాదు. నూనె, నీళ్లలాగా రెండు పాలిమర్లు ఎడమొహం పెడమొహంగా ఉంటాయి. రెండింటి కొసలనూ పట్టుకునే మూడో రసాయనం లేకపోతే వాటి సరిహద్దుల వెంటే సంచి చీలుతుంది.

మిశ్రమం పేరిట మోసం కూడా జరిగింది. పాలిథిన్‌లో పిండి కలిపి, కుళ్లే సంచులంటూ అమ్మారు. పిండిని క్రిములు తినేశాక పాలిథిన్ తునకలుగా మిగులుతుంది, అంతే. 1990లో అమెరికాలో కొన్ని రాష్ట్రాలు విడిపోయే చెత్త సంచులన్న ప్రచారం మీద మొబిల్ కంపెనీని కోర్టుకీడ్చాయి. పిండిని నిజంగా కుళ్లే పాలిమర్లతో కలిపే దారి ఇటలీలో నొవామాంట్ సంస్థ వేసింది. కాటియా బాస్టియోలి నడిపించిన ఆ పనిలోంచి వచ్చిందే మేటర్-బీ.

ఈ మిశ్రమాలు తిరుమల కొండ కూడా ఎక్కాయి. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ, క్షిపణుల మీద పనిచేసే సంస్థ, మట్టిలో కలిసే సంచులను రూపొందించింది. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం వాటి అమ్మకపు కౌంటర్ తెరిచారు. 90 రోజుల్లో అవి కుళ్లిపోతాయని అప్పట్లో ప్రకటించారు.

అయితే ఎక్కడ కుళ్లుతాయన్నది ముఖ్యం. కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్‌కు మన దేశంలో వర్తించే ఐఎస్ఓ 17088 ప్రమాణం, వేడి 58 డిగ్రీల ప్రాంతంలో నిలకడగా ఉండే పెద్ద కంపోస్ట్ కేంద్రాన్ని ఉద్దేశించి రాసింది. రోడ్డు పక్క మురిక్కాలవలో ఆ వేడి ఉండదు. 2019లో వెలువడిన అధ్యయనంలో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కంపోస్ట్ సంచులను మట్టిలో పాతిపెడితే 27 నెలల తర్వాత కూడా రూపం చెదరకుండా ఉన్నాయి, బరువేస్తే మాత్రం చిరిగాయి. సముద్రంలో వేసిన అవే సంచులు మూడు నెలల్లో మాయమయ్యాయి. 'బయోడిగ్రేడబుల్' అని రాసి అమ్మిన మరో సంచి మూడేళ్ల తర్వాతా సరుకులు మోసింది! సంచి మీద ముద్ర చూసి మనసు కుదుటపరచుకునేవాళ్లు ఈ ఫలితం తప్పకుండా తెలుసుకోవాలి. కంపోస్ట్ సంచి తయారుచేసేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం తీసుకోవాలన్న నియమం ఉన్నా, తడి చెత్తతో పాటు ఆ సంచి కంపోస్ట్ గుంటకు చేరకపోతే ప్రయోజనం అంతంతమాత్రమే.

విడిపోయే బంధాన్ని ఇంకో వైపు నుంచి చూసినవాళ్లూ ఉన్నారు. తెగినది మళ్లీ అతుక్కుంటే? 2001లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో స్కాట్ వైట్, నాన్సీ సోటోస్, జెఫ్రీ మూర్ ఎపాక్సీ అనే ప్లాస్టిక్‌లో ద్రవం నింపిన సూక్ష్మ గుళికలను చల్లారు. పగులు పాకుతూ గుళికను చీల్చగానే ద్రవం కారి, అక్కడే ఉన్న ఉత్ప్రేరకం తగిలి గడ్డకట్టేది. పోయిన దృఢత్వంలో 75 శాతం దాకా తిరిగొచ్చింది. గుళిక పగిలిన చోట మళ్లీ పగులు వస్తే మందు లేదు.

ఆ పరిమితిని బంధాలే తీర్చాయి. 2002లో కాలిఫోర్నియాలో ఫ్రెడ్ వుడ్ల్ బృందం వేడిచేస్తే విడిపోయి, చల్లారితే కలిసే బంధాలతో ప్లాస్టిక్ చేసింది. 2008లో పారిస్‌లో లుడ్విక్ లైబ్లెర్ బృందం కొవ్వు ఆమ్లాల నుంచి ఒక రబ్బరు చేసింది. కోసి, కోసిన ముఖాలను మామూలు గది వేడిలోనే కలిపి నొక్కి ఉంచితే ఒకటైపోతుంది. జపాన్‌లో తకుజో ఐదా ప్రయోగశాలలో యూ యానగిసావా అనే విద్యార్థి జిగురు చేయబోతుంటే, విరిగిన గట్టి ముక్కలు చేతి ఒత్తిడికే అతుక్కోవడం కంటపడింది. ఆ ఫలితం 2017 చివర్లో వెలువడింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన చిల్లా మల్లారెడ్డి కోల్‌కతా ఐఐఎస్ఈఆర్‌లో 2021లో అతుక్కునేదిగా చూపింది ప్లాస్టిక్ కాదు, స్ఫటికం. విరిగిన ముఖాల మీద పుట్టే విద్యుదావేశాలే వాటిని కళ్లు మూసి తెరిచేలోగా లాగి కలిపేస్తాయి.

ఐదా బృందమే 2024 నవంబరులో విడిపోవడం, అతుక్కోవడం అనే ఈ రెండు పాయలనూ ఒకచోటికి తెచ్చింది. ఆహార పదార్థాల్లో కలిపే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్‌నూ గ్వానిడీనియం లవణాన్నీ నీటిలో కలిపితే, వ్యతిరేక ఆవేశాలు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టి ప్లాస్టిక్ అవుతుంది. సముద్రపు ఉప్పునీళ్లు ఆ పట్టును గంటల్లో విడదీస్తాయి. మట్టిలో పది రోజుల్లో విడిపోయి భాస్వరం, నత్రజని వదులుతుంది. వాడినంతకాలం తడి తగలకుండా పైన పల్చటి పూత వేస్తారు. ఆ పూత మీద ఒక్క గీత గీస్తే చాలు, ఉప్పు లోపలికి వెళ్లే దారి తెరుచుకుంటుంది.