అపకేంద్ర బలం: ఉత్తర తెలంగాణలో బోధన

అపకేంద్ర బలం అనేది తిరుగుతున్న చట్రంలో ఉన్న పరిశీలకుడికి, కేంద్రం నుంచి బయటికి తోస్తున్నట్టు తోచే మిథ్యాబలం. చట్రంతోపాటే తిరిగే వస్తువుపై దీని పరిమాణం, ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించి వ్యాసార్థంతో భాగిస్తే వస్తుంది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థులు దీన్ని గమన నియమాలతోపాటు చదువుతారు.

చరిత్ర
డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1659లో ఈ బలాన్ని లెక్కగట్టి పేరు పెట్టాడు. లోపలికి లాగే బలాన్ని అభికేంద్ర బలమన్నది న్యూటన్; 1687 నాటి ‘ప్రిన్సిపియా’లో గ్రహచలనాన్ని దానితోనే వివరించాడు. చరిత్రలో ముందు పేరు పొందింది బయటి తోపు; విద్యార్థికీ ముందు తట్టేది అదే.

వడిసెల
జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలే వడిసెల ఈ రెండు బలాలకూ చక్కని ఉదాహరణ. 200 గ్రాముల రాయిని 1 మీటరు వ్యాసార్థంలో సెకనుకు 2 చుట్లు తిప్పితే, తాడు దాన్ని సుమారు 32 న్యూటన్లతో లోపలికి లాగాలి. ఇది రాయి బరువుకు 16 రెట్లు. చేతికి తెలిసే బయటి లాగుడు తాడుపై పడే ప్రతిచర్య. రాయిపై పనిచేసే బలం కాదు. కొస వదిలితే రాయి స్పర్శరేఖ వెంట పోతుంది.

ఘాట్ మలుపు
నిర్మల్–ఆదిలాబాద్ దారిలోని మహబూబ్ ఘాట్ వంటి చోట బస్సు ఎడమకు తిరిగితే ప్రయాణికుడు కుడికి ఒరుగుతాడు. 50 మీటర్ల వ్యాసార్థపు మలుపులో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతే, 60 కిలోల మనిషికి కావలసిన అభికేంద్ర బలం 120 న్యూటన్లు. వేగం రెట్టింపైతే 480. రోడ్డు పక్కన నిలబడ్డవారి లెక్కలో ఆ మనిషి నేరుగా పోబోతుంటే సీటు మలుపులోకి లాగుతోంది. బస్సులో కూర్చున్నవారి లెక్కలో సీటు లాగుడుకు అపకేంద్ర బలం సరితూగుతోంది.

సాధారణ పొరపాట్లు
రోడ్డు పక్కనివారి లెక్క, బస్సులోనివారి లెక్క రెండూ సరైనవే. రెంటినీ ఒకే పటంలో కలిపి గీయడం తప్పు. అభికేంద్ర, అపకేంద్ర బలాలను చర్య–ప్రతిచర్యల జంట అనుకోవడం మరో పొరపాటు: అలాంటి జంట రెండు వేర్వేరు వస్తువులపై పనిచేయాలి. అందుకే బోధనలో ముందు పరిశీలకుడి చోటు తేల్చి, తర్వాత బలాలు గీయించడం మేలు.

భూమి
నేల కూడా తిరిగే చట్రమే. భ్రమణం వల్ల కరీంనగర్ అక్షాంశం దగ్గర గురుత్వ త్వరణం సుమారు 0.03 మీ/సె² తగ్గుతుంది. ఇది మూడువందల్లో ఒక వంతే కాబట్టి తరగతి గది లెక్కల్లో నేలను నిశ్చలంగానే తీసుకుంటారు.