హెడ్డు విప్పక మసి వదలించుట

యాడికి నుండి తాడిపత్రికిగాని గుత్తికిగాని కారు నడుపువారికి ఎండయు దుమ్మును క్రొత్త కావు. కాని కంటికి కనబడని శత్రువొకటి ఇంజను లోపల కలదు. అది వాల్వుల మీద పేరుకొను బొగ్గుమసి. వానను నమ్ముకొనలేని ఈ సీమలో కారును బాడుగకు త్రిప్పి బ్రదుకువారికి ఇంజను విప్పించుట పెద్ద ఖర్చు. విప్పకయే మసి వదలించు ఉపాయములకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. అది తెలిసినవారు సీసా మందు కొనుటకు ముందు ఒక ప్రశ్న వేసుకొందురు.

తొలినాటి మోటార్లలో పెట్రోలును నూనెయు నేటివంటివి కావు. కొన్నివేల మైళ్లు తిరుగగనే ఇంజను బలము తగ్గెడిది. మిట్ట ఎక్కునపుడు లోపల టకటక కొట్టెడిది. అంతట హెడ్డు దించి, మసిని గీకి, వాల్వులను నూరి మరల బిగించెడివారు. ఆ శ్రమ తప్పించుకొనుటకై కొందరు ప్లగ్గు రంధ్రములో రాత్రి కిరసనాయిలు పోసి నానబెట్టిరి. మరికొందరు వడిగా తిరుగు ఇంజనుకు కార్బురేటరు ద్వారా నీటి తుంపరల నందించిరి. 1910 తరువాత అమెరికా గ్యారేజీలలో పిస్టనును పైకి తెచ్చి, వాల్వులు మూసియుండగా ప్లగ్గు రంధ్రమున ఆక్సిజను పంపి, మసిని లోపలనే కాల్చిరి. ఆ మంట పిస్టను తలను శుభ్రపరచెను గాని, మూసియున్న ఇన్లెట్ వాల్వు వెనుక ప్రక్కను తాకలేదు. ఈ భేదమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను.

1921లో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిజ్లీ పెట్రోలులో సీసము కలిపి ఇంజను కొట్టుకొనుటను మాన్పెను. కాని ఆ సీసమే లోపల పేరుకొనసాగినందున దానిని వెడలగొట్టుటకు వేరొక రసాయనము కలుపవలసివచ్చెను. ఆ సీసము గాలిని విషపూరితము చేయుటచే మన దేశము 2000లో దానిని విడనాడెను.

రెండవ ప్రపంచయుద్ధమున పెట్రోలుకు రేషను రాగా మన బస్సులు బొగ్గుగ్యాసుతో నడచెను. గ్యాసును చక్కగా వడపోయనిచో బూడిదయు తారును నేరుగా ఇంజనులోనికే పోవును. మసిని వదలించుటకంటె రానీయకుండుటయే మేలని ఆ బస్సులు నేర్పినవి.

1950వ దశకము నుండి అమెరికా చమురు కంపెనీలు పెట్రోలులోనే శుద్ధికారకములను కలుపసాగెను. 1995 జనవరి 1 నుండి అచ్చట అది చట్టబద్ధమాయెను. వాల్వునకు ముందు పెట్రోలు చిమ్మెడి ఇంజనులలో, ఆ పెట్రోలే వాల్వు వీపును కడుగుచుండును. అందువలన టాంకులో పోసిన మందు అచ్చట పని చేయును.

1996లో మిత్సుబిషి కంపెనీ పెట్రోలును నేరుగా సిలిండరులోనికి చిమ్ము కారును విపణిలోనికి తెచ్చెను. 2019లో మన పెనుకొండ చెంత కియా కర్మాగారమున తయారైన సెల్టాస్ కార్లలోను ఒక రకమునకు ఇట్టి ఇంజనే యుండెను. ఈ పద్ధతి వలన బలమును ఇంధనపు పొదుపును కలుగును. కాని ఇన్లెట్ వాల్వు మీదుగా పోవునది గాలియు, క్రాంకుకేసు నుండి వచ్చు నూనె ఆవిరియు మాత్రమే. పెట్రోలు దానిని తాకదు. కావున టాంకులో ఎంత మందు పోసినను ఆ వాల్వు మసి కరగదు.

అట్టి ఇంజనులకు నేడు రెండు దారులు కలవు. గాలి మార్గమున నురుగు మందును కొద్దికొద్దిగా పంపుట మొదటిది. అది మెత్తని మసినే కొంతవరకు తీయును. ద్రవము ఒక్కుమ్మడిగా సిలిండరులో చేరినచో కనెక్టింగ్ రాడ్డు వంగిపోవును. ద్రవము గాలివలె నలుగదు గదా! రెండవది, హెడ్డును కదపక, గాలి గొట్టపు భాగమును మాత్రము విప్పి, వాల్వు మూసియుండగా, అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి పీల్చివేయుట. గట్టిపడిన మసికి ఇదియే తగినది.

కనుక సీసా కొనుటకు ముందు వేసుకొనవలసిన ప్రశ్న ఇదియే: నా కారులో పెట్రోలు ఎచ్చట చిమ్మబడుచున్నది? వాల్వునకు ముందా, సిలిండరు లోపలనా? సమాధానము మెకానిక్కు నడిగి తెలిసికొనుటకు ఖర్చు లేదు. గడువు తప్పక మంచి నూనె మార్చుటయు, గాలి వడపోతను శుభ్రముగా నుంచుటయు మాత్రము ఏ ఇంజనుకైనను చేయదగిన పనులే.