పాఠంలో లేని సెప్టెంబర్

మా ఇళ్ళల్ల ముసలోళ్ళు వయసు చెప్పాలంటే 'పోలీసాక్షన్ నాటికి నేను ఇంత' అని చెయ్యెత్తి చూపేవాళ్ళు. బళ్ళో అది ఒక్క ముక్క: 1948 సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. (సైన్యం చేసిన పనికి పోలీసు పేరెందుకో ఎవరూ అడగరు.) ఆ తర్వాత? నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయారని అంచనా కట్టింది. ఎక్కువమంది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలవాళ్ళు. ఆ నివేదికను సర్కారు దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

హిట్లర్ మారణకాండను కొత్తగా బోధించిన టీచర్లకు అమెరికాలో అవార్డులిస్తారు. మన దగ్గర?

అప్పట్లో బూర్గంపాడు నిజాం రాజ్యం, గోదావరి అవతల భద్రాచలం మద్రాసు రాష్ట్రం. ఆ ఒడ్డుకు 1947లో వచ్చిన స్వాతంత్ర్యం ఈ ఒడ్డుకు 13 నెలలు రాలేదు. ఆ రేవులో పిల్లల్ని కూచోబెట్టి, రజాకార్లు తగలబెట్టిన ఊళ్ళనూ, వాళ్ళను ఎదిరించి రాసి 1948 ఆగస్టులో హతుడైన షోయబుల్లాఖాన్‌నూ, ఆపైన సాయిబుల ఇళ్ళ మీద పడ్డ కత్తినీ ఒకే పాఠంగా చెప్పే పంతులుంటే, సెప్టెంబర్ 5 శాలువా ఆయనకే కప్పాలి. పన్నెండు రోజులకే 17 వస్తుంది. విమోచనమని ఒకరు, విలీనమని ఒకరు జెండాలెత్తుతారు. ఆలోగా పిల్లలు నానమ్మనో నానీనో అడిగి రానీ.